ఇనుపగుండె తుడుచుకున్న చేతిరుమాలు

ఆ సెలవు రోజు పొద్దున లిఫ్టు మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే. పడకగదిలో ఉన్న బీరువాను ముందుగదిలోకి జరపాలి. మర్నాటి నుంచి రంగులు వేసేవాళ్ళు వస్తున్నారు. బీరువా జరిపి, స్నానం చేసి, కడుపునిండా తిని, సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలని ఆయన ఆశ. వారమంతా ఊళ్ళో వాళ్ళ లిఫ్టులు బాగుచేసి, తాను మాత్రం లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తుకు కాళ్ళీడ్చుకుంటూ ఎక్కే మనిషి. ఆ మాత్రం నిద్ర అత్యాశేమీ కాదు.

బీరువా ఒక్క చేతి మీద కదిలేది కాదు కాబట్టి బావమరిదిని పిలిచారు. బావమరిదికి ఉద్యోగం లేదనడం అన్యాయం. చాలా వచ్చాయి, ఏదీ నిలవలేదు. ప్రస్తుతం అతను జనం ఇళ్ళల్లో మూలపడిన సామాన్లకు ఫోనులో ఫొటోలు తీసి, ఆన్‌లైనులో పెట్టి అమ్ముతున్నాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు సామాన్లను పలకరించి, ఆ తర్వాత మనుషుల దగ్గరికి వస్తాడు.

బీరువా ఖాళీ చేస్తుంటే పై అరలోంచి ఒక బిస్కెట్ల డబ్బా జారి అతని నెత్తిన పడింది. మూత ఊడింది. లోపల బిస్కెట్లు లేవు. నీలం అంచు ఉన్న తెల్ల చేతిరుమాలు ఒకటి ఇస్త్రీ మడతల్లో బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇదేంటి బావా, రుమాలుకో డబ్బా?" అన్నాడు నెత్తి రుద్దుకుంటూ.

మెకానిక్ నోరు తెరిచేలోగా, స్టూలు మీద నిలబడి బూజు దులుపుతున్న ఆయన భార్య అందుకుంది. "దాన్ని మాత్రం ముట్టుకోకురా. అది మీ బావ ఆస్తి. ఇనుపగుండె ముఖం తుడుచుకున్న రుమాలు."

బావమరిది నెత్తి రుద్దుకోవడం మర్చిపోయాడు.

ఇనుపగుండె అంటే సినిమా హీరో. అతని అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. తెర మీద అతను మండుతున్న మేడల మీంచి దూకుతాడు, లారీలకు ఎదురు నిలబడతాడు, చివర్లో విలన్ కళ్ళల్లోకి చూసి, "భయమా? అది ఏ షాపులో దొరుకుతుంది?" అంటాడు. ఆ ఒక్క మాటకు హాలు కప్పు ఎగిరిపోతుంది.

కొన్నేళ్ళ కిందట ఆ ఇనుపగుండె, మెకానిక్ ఒకే లిఫ్టులో ఇరుక్కుపోయారు. హీరో ఎవరో నిర్మాత ఇంటికి వెళుతున్నాడు, మెకానిక్ రిపేరు ముగించుకుని చివరిసారి సరిచూసుకుంటున్నాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఉండగా కరెంటు పోయింది. లోపల ఉక్కపోసిందనీ, హీరోగారు తన రుమాలు తీసుకుని చెమట తుడుచుకున్నారనీ ఆయన ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఊరందరికీ అదే చెప్పాడు.

నిజానికి అక్కడ జరిగింది వేరు. దీపం ఆరిపోగానే ఇనుపగుండె ఆయన్ను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మెకానిక్ అతన్ని కింద కూర్చోబెట్టి, వీపు నిమురుతూ నోటికొచ్చిన కబుర్లన్నీ చెప్పాడు. లిఫ్టు కదిలాక హీరో రుమాలు తిరిగిచ్చేస్తూ, "ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. మా అమ్మకు కూడా తెలీదు" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. మెకానిక్ మాట ఇచ్చాడు. ఆ మాట మీదే నిలబడి, కట్టుకున్న భార్యకు కూడా కన్నీళ్ళను చెమటగా మార్చి చెప్పాడు.

"బావా, ఇన్నాళ్ళూ నువ్వు లక్షాధికారివి. నీకు తెలీదంతే!" అన్నాడు బావమరిది.

"అది అమ్మేది కాదురా."

"ధర తెలుసుకుంటే తప్పేముంది? తెలుసుకుందాం. అంతే."

ఒక పక్క బీరువా భుజం మీద ఉంది. వాదించే ఓపిక లేక మెకానిక్, "సరే, చూద్దాంలే" అన్నాడు. ‘చూద్దాంలే’ అంటే ఆయన భాషలో వద్దని అర్థం. బావమరిది భాషలో ఫొటో తియ్యమని అర్థం.

మెకానిక్ అనుకున్నట్టే స్నానం చేశాడు, తిన్నాడు, పడుకున్నాడు. లేచేసరికి ముందుగదిలో కొత్త గొంతులు వినబడ్డాయి. కళ్ళు నులుముకుంటూ వెళ్ళి చూస్తే, బల్ల మీద బిస్కెట్ల డబ్బా ఉంది. దాని ముందు ఒక లావుపాటి మనిషి చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనిది టైర్ల షాపు. ఇనుపగుండె అభిమాన సంఘానికి అధ్యక్షుడు కూడా అతనే. పక్కన తెల్ల చేతి తొడుగులు వేసుకున్న ఒక సన్నటాయన భూతద్దంలోంచి రుమాలు అంచు చూస్తున్నాడు. పేరున్నవాళ్ళు వాడి పడేసిన వస్తువులు పోగుచేయడం ఆయన వ్యాపకం. ఇంట్లో ఒక గాయకుడి పళ్ళ బ్రష్షు, ఒక ఆటగాడి తెగిన బూటు లేసు ఉన్నాయని అడక్కుండానే చెప్పాడు.

"అసలైన సరుకే అనిపిస్తోంది. ఒక్క ప్రశ్న. దీన్ని ఉతికారా?" అన్నాడు సన్నటాయన.

మెకానిక్ భార్య పెద్దాస్పత్రిలో హెడ్ నర్సు. ఆ ప్రశ్నకు ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఉతక్కుండా ఎలా ఉంచుతానండీ? ఏడాదికోసారి బయటికి తీసి, మరుగుతున్న నీళ్ళలో వేసి మరీ ఉతుకుతాను."

భూతద్దం కిందికి దిగింది. "అయ్యయ్యో! అమ్మా, ఇప్పుడు ఈ రుమాలుకీ, షాపులో కొత్త రుమాలుకీ తేడా ఏముంది?"

"ఏముంటుంది? రెండూ శుభ్రంగా ఉంటాయి."

"అదేనమ్మా నా బాధ! దీని విలువంతా మీరు తూములో పారబోశారు."

టైర్ల షాపాయనకు రోషం వచ్చింది. "ఏం మాట్లాడుతున్నారు? మా అన్న చెమట సబ్బుకు పోయే చెమట కాదు. నూలు లోపల ఇంకిపోయి ఉంటుంది."

"నేను ఆస్పత్రి మందు వేసి ఉతికానండీ. దానికి పోనిదంటూ లేదు" అంది ఆవిడ, ఎవరి పక్షాన మాట్లాడుతున్నదీ చూసుకోకుండా.

బావమరిది కళ్ళతోనే అక్కయ్యను బతిమాలుకున్నాడు. లాభం లేకపోయింది. పొద్దున ఒక ఫ్రిజ్జు ధర పలికిన రుమాలు సాయంత్రానికి టేబులు ఫ్యాను స్థాయికి దిగిపోయింది.

"ఫ్యానూ వద్దు, ఫ్రిజ్జూ వద్దు. అది అమ్మడం లేదు" అన్నాడు మెకానిక్.

బావమరిది ఆయన చెవి దగ్గరికి వచ్చి, "బావా, అడ్వాన్సు తీసేసుకున్నాను" అన్నాడు.

"ఎవరి దగ్గర?"

"ఇద్దరి దగ్గరా. పోటీ ఉండాలి కదా!"

మర్నాడు మెకానిక్ పనికి వెళ్ళింది కూడా, ఖర్మ కాకపోతే, ఆ పాత అపార్టుమెంటుకే. ఒకప్పుడు ఇద్దరూ ఇరుక్కున్న లిఫ్టును పీకేసి, కొత్తది బిగించే కాంట్రాక్టు ఆయన కంపెనీకి వచ్చింది. ఆయన లిఫ్టు కప్పు మీద కూర్చుని, కొలతలు తీసుకుంటూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకున్నాడు. అవతల బావమరిది గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"బావా, కొంప మునిగింది. లిఫ్టు ఆగితే ఇనుపగుండెకు చెమట పట్టడమేంటని జనం దుమ్మెత్తి పోస్తున్నారు. భయపడ్డాడని పోటీ హీరో మనుషులు ఎగతాళి. అబద్ధమని అభిమానులు గోల. నన్ను దొంగంటున్నారు బావా! ఒక్క మాట చెప్పు. అది చెమటే కదా?"

మెకానిక్ అబద్ధం ఆడగలడు, కానీ రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు ఆడలేడు. "చెమట కాదురా" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మరేంటి?"

"కన్నీ..."

"ఏంటీ?"

"కన్ను! కంట్లో నలుసు పడింది!"

లిఫ్టు తిరిగే ఆ బావిలాంటి గూటిలో మాట ప్రతిధ్వనించి, బావమరిది చెవికి మొదటి ముక్క మాత్రమే చేరింది. అతనికి అంతే చాలు. ఫోను పెట్టేసిన కాసేపటికే ప్రకటన మారిపోయింది. ‘సవరణ: చెమట కాదు, కన్నీరు. ఇనుపగుండె కార్చిన ఏకైక కన్నీరు.’

రుమాలు ధర టేబులు ఫ్యాను దగ్గర నుంచి లేచి, ఫ్రిజ్జు మీంచి దూకి, కొత్త స్కూటరు ఎక్కి కూర్చుంది. కన్నీరు ఉతికినా విలువ తగ్గదని సన్నటాయన తన సిద్ధాంతం మార్చుకున్నాడు. చెమట శరీరానిదట, కన్నీరు మనసుదట. అభిమాన సంఘం మధ్యాహ్నానికి నిట్టనిలువునా చీలింది. అన్న జనం కష్టాలు తలుచుకుని ఏడ్చాడని ఒక వర్గం, అన్న పుట్టినప్పుడు కూడా ఏడవలేదని మరో వర్గం. ఏడ్చాడు వర్గానికి టైర్ల షాపాయన నాయకుడు. ఏడవలేదు వర్గానికి ఆయన సొంత తమ్ముడు.

అంతలో అపార్టుమెంటు సంఘం అధ్యక్షురాలు లిఫ్టు దగ్గరికి వచ్చింది. ఆవిడ పూర్వం హెడ్మిస్ట్రెస్. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా చూపుడువేలు గాల్లోనే ఉంటుంది.

"దిగండి. ఆ లిఫ్టు మీద ఒక్క స్క్రూ కూడా కదపడానికి వీల్లేదు."

"అమ్మా, రేపు దీన్ని తీసేయాలి కదా?"

"ఒట్టి రుమాలుకే స్కూటరు వస్తుంటే, ఆయన ఏడ్చిన లిఫ్టుకు ఎంత రావాలి? సంఘం తీర్మానం చేసింది. దీన్ని అమ్మకానికి పెట్టాం. కొత్త లిఫ్టు ఆర్డరు రద్దు."

"మరి పై అంతస్తుల వాళ్ళు ఎలా వెళతారండీ?"

"మెట్లు ఎందుకున్నాయి?" అని ఆవిడ మొదటి అంతస్తులో ఉన్న తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పై అంతస్తుల వాళ్ళు కూరగాయల సంచులతో, మోకాళ్ళ నొప్పులతో ఎక్కుతూ, దిగుతూ, మెకానిక్‌ను దారిలో కనబడినంతసేపూ తిట్టుకున్నారు. కంపెనీ యజమాని మాత్రం తిట్టలేదు. ఫోను చేసి చాలా మర్యాదగా మాట్లాడాడు. అందుకే మెకానిక్ గుండె గుభేలుమంది.

"చూడండీ, ఏడాది మొత్తానికి మనకు దొరికిన పెద్ద ఆర్డరు అది. అది తిరిగొస్తే మీరూ ఉంటారు. రాకపోతే నేను చెప్పక్కర్లేదు కదా" అన్నాడు యజమాని.

ఇంటికి వచ్చేసరికి భార్య అన్నం వడ్డించింది. కంచం బల్ల మీద పెట్టిన చప్పుడుకు పక్క గదిలో రంగు డబ్బాలు కదిలాయి.

"చెమటన్నారు" అంది చివరికి.

"అదీ... ఆయనకు మాటిచ్చాను."

"ఇన్నేళ్ళూ నేను చెమట అనుకునే ఉతికాను."

"ఏదైనా ఉతకడంలో తేడా ఏముంటుంది?"

"ఉతకడంలో ఉండదు. చెప్పడంలో ఉంటుంది." ఆవిడ లేచి వెళ్ళి, రాత్రి డ్యూటీ లేకపోయినా ఆస్పత్రి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. అది ఆవిడకు కోపం వచ్చినప్పుడల్లా చేసే పని. సంచి సర్దుకుంటుంది, మళ్ళీ విప్పి సర్దుకుంటుంది, ఎక్కడికీ వెళ్ళదు. మెకానిక్‌కు మాత్రం కంపెనీ యజమాని మర్యాద కన్నా ఆ సంచి ఎక్కువ భయపెట్టింది.

తెల్లవారాక హీరో మేనేజరు వచ్చాడు. పడకగదిలో పెయింటరు గోడ గీకుతున్నాడు కాబట్టి ఇంట్లో మంచం, బీరువా, కుర్చీలు, మూటలు అన్నీ ముందుగదిలోనే ఉన్నాయి. మేనేజరు మంచం మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి, ఒక కాగితం చాచాడు.

"‘హీరోగారు ఏడవలేదు, నేనే కట్టుకథ అల్లాను’ అని దీని మీద సంతకం పెట్టండి. పెట్టకపోతే పరువునష్టం దావా."

టైర్ల షాపాయన అప్పటికే బీరువా పక్కన ఇరుక్కుని ఉన్నాడు. "సంతకం పెడితే మేము మోసం కేసు పెడతాం. ఏడ్చాడని చెప్పే కదా అడ్వాన్సు తీసుకుంది!"

"సంతకం పెడితే మా లిఫ్టు ఏం కావాలి?" అంది అధ్యక్షురాలు, మూటల మధ్య నుంచి వేలెత్తి.

"ఎవరేమన్నా రుమాలు మాత్రం మడత పెట్టకండి" అన్నాడు సన్నటాయన.

మెకానిక్ కలం పట్టుకున్నాడు. అబద్ధమని రాస్తే జైలు, నిజమని చెబితే కోర్టు. రెంటికీ మధ్య, చీకట్లో తన చెయ్యి పట్టుకుని బతిమాలిన ఒక మనిషి ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనకు అనుమానం లేదు.

"కాగితం ఇవ్వండి. పెడతాను. నేనే కట్టుకథ అల్లాను" అన్నాడు.

"బావా!" అని అరిచాడు బావమరిది. అతను అడ్వాన్సుల్లో సగం అప్పటికే కొత్త ఫోనుగా మార్చుకున్నాడు. ఆ ఫోనులోనే ఆన్‌లైను వేలం మొదలుపెట్టి, బీరువా మీద నిలబెట్టాడు. గదిలో జరుగుతున్నదంతా జనం చూస్తున్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే సహజత్వం పోతుందట.

కలం కాగితాన్ని తాకబోతుంటే మెట్ల మీద పెద్ద కలకలం రేగింది. తలుపు తోసుకుని, టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక మనిషి రొప్పుతూ లోపలికి వచ్చాడు. వెనక మెట్ల నిండా జనం. టోపీ తీశాడు. ఇనుపగుండె! తెర మీద కనిపించేంత పొడుగు లేడు. కణతల దగ్గర జుట్టుకు రంగు వేయడం మరిచిపోయినట్టున్నారు.

"సార్, మీరెందుకు వచ్చారు? నేను చూసుకుంటాను కదా!" అన్నాడు మేనేజరు.

"మీరు చూసుకుంటున్నది ఫోనులో చూశాను. అందుకే వచ్చాను" అన్నాడు హీరో.

జనం లోపలికి తోసుకొస్తుంటే బావమరిది పరిగెత్తి, భుజం ఆనించి తలుపు మూసి, గడియ బలంగా లాగాడు. గడియ పడింది. దాని పిడి ఊడి అతని చేతిలోకి వచ్చింది. బయట గోలకు కిటికీలు ముందే మూసేశారు. గడియ వెనక్కి లాగడానికి ఏమీ మిగల్లేదు.

"ఏం కాలేదు. తలుపు కొంచెం... రావడం లేదు" అన్నాడు పిడి వెనక దాచుకుంటూ.

ఎవరూ పట్టించుకోలేదు. మేనేజరు, టైర్ల షాపాయన ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. మెకానిక్ మాత్రం హీరో ముఖం చూశాడు. పెదవులు తెల్లబడ్డాయి. చూపు తలుపు మీంచి కిటికీ మీదికి, కిటికీ మీంచి కప్పు మీదికి పరుగెడుతోంది. ఆ చూపు ఆయనకు తెలుసు. కలం పక్కన పడేసి, మంచం మీంచి అటు దూకి, హీరో చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చోబెట్టాడు.

"సార్, ఇటు చూడండి. నన్నే చూడండి. గాలి బాగా వస్తోంది. మెల్లగా పీల్చండి."

అంతే. ఇనుపగుండె ఆయన భుజం మీద తల వాల్చి భోరుమన్నాడు.

మేనేజరు చేతిలో కాగితం తనంతట తానే వంగిపోయింది.

"ఆ రోజు... మీరు ఏదో చెబుతున్నారు..." అన్నాడు హీరో వెక్కిళ్ళ మధ్య. "జ్వరం వచ్చి ఆస్పత్రికి వెళ్ళారు. సూదంటే మీకు భయం. నర్సును చూసి కళ్ళు తిరిగి పడిపోయారు. అక్కడే లిఫ్టు కదిలింది. తర్వాత ఏమైంది?"

మెకానిక్ ముఖం జేవురించింది. ఇంతమంది ముందా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఈలోగా సర్దిన సంచి పక్కనపెట్టి, ఆయన భార్య వచ్చి హీరోకు అటువైపు కూర్చుని, మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"నేను చెబుతాను బాబూ. ఆ నర్సును నేనే. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, ‘అయిపోయిందా అండీ?’ అన్నారు. ‘ఇంకా గుచ్చనే లేదు’ అన్నాను. మళ్ళీ పడిపోయారు."

హీరో ఏడుపులోంచి ఒక నవ్వు ఊడిపడింది. "తర్వాత?"

"తర్వాత ఏముంది? జ్వరం తగ్గింది. అయినా పది రోజులు వరసగా వచ్చారు, నీరసంగా ఉందంటూ. సూది వేయనని నేను మాటిస్తేనే లోపలికి వచ్చేవారు." ఆవిడ భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, కానీ సంచి సర్దుకునేంత లేదు. "ఇదంతా ముక్కూ ముఖం తెలియని మనిషికి చెప్పారా?"

"పాపం, ఆయన భయపడుతున్నారు. నా భయం చెబితే కాస్త తోడుగా ఉంటుందని..."

ఆవిడ భుజం మీది తెల్ల తువ్వాలు తీసి హీరోకు అందించింది. ఆయన ముఖం తుడుచుకుని, ముక్కు చీదాడు. చీదడం కూడా భారీగానే చీదాడు.

అప్పుడు పడకగదిలోంచి పెయింటరు బయటికి వచ్చాడు. దారికి అడ్డంగా నేల మీద ఏడుస్తున్న మనిషి ఎవరో అతను గమనించలేదు. టీ తాగడానికి వెళుతున్నాడు. తలుపు రాకపోతే, గోడ గీకే రేకు సందులో దూర్చి గడియ ఎత్తి, తలుపు బార్లా తీసి వెళ్ళిపోయాడు.

బయట మెట్ల మీద పైనుంచి కింది దాకా జనం. అందరి చేతుల్లో ఫోన్లు, అన్నింట్లోనూ ఇదే గది. చూడవలసిందంతా చూసేశారు. మేనేజరు తల పట్టుకుని కూలబడ్డాడు. ఇనుపగుండె లేచి నిలబడి, తువ్వాలు భుజాన వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నిజమే. మూసిన గదులంటే నాకు భయం. అప్పుడూ ఏడ్చాను, ఇప్పుడూ ఏడ్చాను. మండే మేడ మీంచి దూకేది నేను కాదు, నాలాగే చొక్కా వేసుకున్న ఇంకొకాయన. ఈయన మాత్రం నాకిచ్చిన మాట కోసం అబద్ధపు సంతకం పెట్టబోయారు. ఇక తిట్టుకుంటే తిట్టుకోండి."

ఎవరూ తిట్టలేదు. కాసేపటికి టైర్ల షాపాయన బీరువా పక్క నుంచి ముక్కు ఎగబీలుస్తూ, "అన్నా, నాకు బల్లి అంటే భయం" అన్నాడు. ‘ఏడవలేదు వర్గం’ నాయకుడు గుమ్మంలోంచి, "నాకు మా అన్నయ్యంటే భయం" అన్నాడు. మెట్ల మీద ఒకరికి కుక్కలు, ఒకరికి ఉరుములు, ఒకరికి పరీక్ష హాలు. మేనేజరు అందరికన్నా చిన్నగా, "నాకు మీరంటే భయం సార్" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ కావలించుకున్నారు. అభిమాన సంఘం అక్కడికక్కడే ఒక్కటైంది.

ఆ ఐక్యత ఎంతోసేపు నిలవలేదు. సన్నటాయన భూతద్దం హీరో భుజం మీద ఆగింది.

"ఆ తువ్వాలు... ఉతకనిది. సాక్షులున్నారు. వీడియో కూడా ఉంది. నా జన్మలో ఇలాంటి సరుకు చూడలేదు. చిన్న కారు ఇస్తాను!"

"మా అన్న తువ్వాలు మాది! పెద్ద కారు!" అన్నాడు టైర్ల షాపాయన.

"ఈ ఫ్లాటును కూడా కలిపి ధర కట్టాలి" అంది అధ్యక్షురాలు, అలవాటు కొద్దీ.

ఒకాయన ఈ చెంగు, ఒకాయన ఆ చెంగు పట్టుకున్నారు. బావమరిది బల్ల ఎక్కి ధరలు అరుస్తున్నాడు. కన్నీరు ఎక్కువా, చీమిడి ఎక్కువా, దేనికి ఎంత కట్టాలి అన్న చర్చ వేడెక్కింది. అది తేలేదాకా తువ్వాలును ఎవరి పక్షమూ కాని మనిషి చేతిలో ఉంచుదామని ఒప్పుకుని, దాన్ని మెకానిక్ భార్యకు అప్పగించారు. చర్చ ముగించి వెనక్కి తిరిగేసరికి ఆవిడ అక్కడ లేదు. స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు వినబడింది.

"అమ్మా! నానబెట్టకండి!" అని సన్నటాయన పెట్టిన కేకకు పెయింటరు కింద టీ కొట్టు దగ్గర తలెత్తాడట.

"తెల్ల తువ్వాలండీ. అప్పటికప్పుడు నానబెట్టకపోతే మరక ఉండిపోతుంది" అంది ఆవిడ, మోచేతుల దాకా నురగతో బయటికి వచ్చి.

ఆ గందరగోళంలో హీరో, మెకానిక్‌ను పక్కకు పిలిచి, "ఆ పాత రుమాలు నాకిస్తారా? దానికి వెల కట్టలేను. ఊరికే ఇవ్వండి" అన్నాడు. మెకానిక్ డబ్బా చేతిలో పెట్టాడు. ఇనుపగుండె అందులోంచి రుమాలు తీసి లోపలి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అమ్మడానికి ఇంట్లో ఇక ఏమీ మిగల్లేదు. బావమరిది తన కొత్త ఫోనును, దాని ఫొటో దాంతోనే తీసుకోలేక నానా అవస్థ పడి, అమ్మేసి ఇద్దరి అడ్వాన్సులూ తిరిగిచ్చాడు.

ఆ తర్వాత ఇనుపగుండెకు గిరాకీ తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. ఏ సభకు వెళ్ళినా ఏడవమని అడుగుతున్నారు. ఆయనా కాదనడం లేదు. దాంతో కన్నీటి రుమాళ్ళు ఊరంతా దొరకడం మొదలై, ధర ఒట్టి రుమాలుకన్నా కిందికి పోయింది. పాత లిఫ్టును కొంటామని ఒక్కరే ముందుకొచ్చారు, అదీ ఇనుప సామాన్ల షాపాయన, తూకం లెక్కన. మోకాళ్ళు అరిగిన పై అంతస్తుల వాళ్ళంతా కలిసి అధ్యక్షురాలి ఇంటి ముందు కూర్చోవడంతో కొత్త లిఫ్టు ఆర్డరు మళ్ళీ వచ్చింది. కంపెనీ యజమాని ఈసారి మెకానిక్‌ను పేరుపెట్టి తిట్టాడు. ఉద్యోగం ఖాయమని ఆయనకు అప్పుడు నమ్మకం కుదిరింది.

కొత్త లిఫ్టు ప్రారంభానికి ఇనుపగుండెనే పిలిచారు. గుమ్మానికి పూలు కట్టారు. మెకానిక్ ఇస్త్రీ చొక్కాలో, భార్య పక్కన నిలబడ్డాడు. హీరో మైకు అందుకుని, భయపడటం తప్పు కాదనీ, భయాన్ని దాచుకోవడమే తప్పనీ, తాను స్వయంగా ఎరిగిన ఈ మెకానిక్‌గారు బిగించిన లిఫ్టులో పసిపిల్లలు కూడా నిశ్చింతగా ఎక్కవచ్చనీ చెప్పాడు. విన్నవాళ్ళందరూ కళ్ళు ఒత్తుకున్నారు. రిబ్బను కత్తిరించాడు. తలుపులు మెత్తగా తెరుచుకున్నాయి. చప్పట్లు మిన్నంటాయి.

అందరూ లోపలికి దారి ఇచ్చి నిలబడితే, హీరో మెకానిక్ భుజం తట్టి, "పైన కలుద్దాం" అని మెట్లవైపు నడిచాడు.